సూపరింటెండెంటు గారి గూఢచారి

ఫ్రెడరిక్ ఫోర్సైత్ రాసిన 'ది డే ఆఫ్ ది జాకాల్' ఎలా ఉందని ఎవరినైనా అడగొచ్చు గానీ, రిటైరైన సూపరింటెండెంటు గారిని మాత్రం తీరిక చూసుకుని అడగాలి. ఈయన ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. విజయవాడ లెనిన్ సెంటర్లోనో, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో బేరమాడి కొన్న పుస్తకానికి క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, లోపల కొన్న తేదీ, ధర రాసి, సంతకం పెట్టి ఉంచుతారు. ఫ్రాన్స్ అధ్యక్షుడు దగోల్‌ను చంపడానికి బయల్దేరిన ఆ నవలలోని హంతకుడి గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. వాడు దొంగ పాస్‌పోర్టు ఎలా సంపాదించాడని అడిగారో, ఇంట్లోవాళ్లు రెండోసారి కాఫీ పెట్టాల్సిందే. పసితనంలోనే పోయిన పిల్లాడి సమాధి వెతకడం, ఆ పేరు మీద జనన ధ్రువపత్రం తీయించడం, దాన్ని దరఖాస్తుకు జతచేయడం, ఇందులో ఒక్క మెట్టూ దాటవేయరు. ఆ లొసుగు బ్రిటన్‌లో నిజంగానే ఉండేదని చెప్పి, తన సెక్షన్‌కు వచ్చుంటే మూడు కొర్రీలు వేసి వెనక్కి పంపేవాణ్నని కించిత్తు గర్వంగా చేరుస్తారు.

ఈ అభిప్రాయాలన్నీ విన్నాక నాకు తోచేదేమిటంటే, ఆయన గూఢచారి నవల పేరుతో ఆఫీసు నవల చదువుకుంటున్నారు. లేకపోతే ముగింపు ముందే తెలిసిన కథను అన్నిసార్లు ఎందుకు చదువుతారు? 1962 ఆగస్టు 22న ప్యారిస్ శివార్లలోని పెటీ క్లమార్ దగ్గర దగోల్ మీద నిజంగానే కాల్పులు జరిగాయి. ఆయన బతికి బయటపడ్డారు, 1970లో సొంత ఇంట్లో కన్నుమూశారు. నవల వచ్చింది 1971లో. దగోల్ హత్య జరగలేదని లోకానికంతా తెలుసు, ఇక ఉత్కంఠ ఎక్కడుంటుందని కొందరు ప్రచురణకర్తలు దాన్ని తిప్పి పంపారు. వాళ్లకు మన సూపరింటెండెంటు గారితో పరిచయం లేదు. ఏం జరిగిందన్నది ఆయనకు ఎన్నడూ పట్టలేదు, ఏ పద్ధతి ప్రకారం జరిగిందన్నదే కావాలి. పైగా ఇందులో అసలు హీరో లెబెల్ ఒక మామూలు పోలీసు ఉద్యోగి. అతని పరిశోధనంతా టెలిఫోన్లు, హోటళ్లలో బస చేసినవాళ్ల రిజిస్ట్రేషను కార్డులు, లండన్‌లో పాత పాస్‌పోర్టు దరఖాస్తుల తిరగేత. ఇంట్లో భార్య చీవాట్లు, ఆఫీసులో రాత్రిపూట పెద్దలు పెట్టే రివ్యూ మీటింగులు. ఆ మీటింగులో కూర్చునే ఒక పెద్దమనిషి ద్వారానే రహస్యాలు బయటికి పోతుంటాయి. ఎవరి ఫోను వినాలో ఎలా తెలిసిందని అడిగితే, తెలియదు, అందరివీ విన్నానంటాడు లెబెల్. అక్కడ సూపరింటెండెంటు గారు పుస్తకం మూసి ఒక్క నిమిషం నవ్వుకుంటారు. సర్వీసంతా పై అధికారుల ముందు నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటలకు అది బాకీ వసూలు.

తుపాకులూ అమ్మాయిలూ ఉన్నారు కదా, వాటికోసమే చదువుతున్నారేమో అని శ్రీమతి గారికి అనుమానం. ఉండొచ్చు. కానీ ఆ పేజీల కొసలు మడతపడలేదు, మడతలన్నీ కార్డుల దగ్గరే ఉన్నాయి. మరి ఆఫీసు గడప తొక్కని కుర్రాళ్లకూ ఈ నవల నచ్చుతోందే అంటారా? అమెరికా వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి, కాగితాలు వరసలో పేర్చుకుని కాన్సులేటు ముందు నిలబడ్డ కుర్రాడికి, ఎవడో ఒకడు పాస్‌పోర్టు ఆఫీసును బోల్తా కొట్టించాడంటే ఎందుకు నచ్చదు? ఇంకాస్త బలమైన అభ్యంతరం జాన్ లె కారే పేరుతో వస్తుంది. బ్రిటిష్ గూఢచారి సంస్థలు ఎంఐ5లోనూ ఎంఐ6లోనూ పనిచేసి వచ్చిన ఆయన నవలల్లో ద్రోహం, అంతరాత్మ, అలసట ఉంటాయి గానీ ఆఫీసు ఎక్కడిదని. అయ్యా, 1974లో వచ్చిన 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై' మళ్లీ చూడండి. ఉద్యోగంలోంచి సాగనంపిన గూఢచారి స్మైలీని వెనక్కి పిలిచి, పాత ఫైళ్లు చదివించి, దొంగ పైవాళ్లలోనే ఉన్నాడని తేలుస్తారు. పెన్షనర్లకు ఇంతకంటే తీయని కల ఏ రచయితా ఇవ్వలేదు.

సూపరింటెండెంటు గారితో చిక్కు కూడా ఇక్కడే. అల్జీరియాను వదులుకున్నాడని దగోల్ మీద పగబట్టిన సైనికుల సంగతి, పెటీ క్లమార్ దాడికి నాయకుడైన బాస్తియాఁ-తిరీని 1963 మార్చి 11న కాల్చి చంపిన సంగతి ఎత్తితే, "అది డిపార్టుమెంటల్ గ్రీవెన్సండీ, ప్రాపర్ చానెల్లో వెళ్లాల్సింది" అంటారు. ఒక దేశ స్వాతంత్ర్య యుద్ధం ఆ ఒక్క ముక్కలో టప్పాల్లోకి వెళ్లిపోతుంది. తల పట్టుకోవాలనిపిస్తుంది. అంతలోనే, హోటలు కార్డులు రాత్రికి రాత్రి పోగుచేసిన పేరులేని కానిస్టేబుళ్లను రచయితతో పాటు గుర్తుపెట్టుకున్న పాఠకుడు ఈయనొక్కరే కదా అని మళ్లీ ముచ్చటేస్తుంది.

ఇంత ప్రేమించిన పుస్తకం మీద కూడా ఆయనకొక ఫిర్యాదు ఉంది. చివర్లో హంతకుడు ఎవరో తేలదు. పోలీసులు ఎవరి పేరుతో వెతికారో ఆ కాల్త్రాప్ వేరే మనిషి, సెలవుల నుంచి నిక్షేపంగా ఇంటికొస్తాడు. చచ్చినవాణ్ని మాత్రం ఎవరో విదేశీ టూరిస్టు, కారు గుద్ది పోయాడని రాసేసి పూడ్చిపెడతారు. విమర్శకులు దీన్ని గొప్ప ముగింపు అనొచ్చు. సూపరింటెండెంటు గారు ఒప్పుకోరు. మరణ కారణం తప్పు, పేరు గల్లంతు, ఫైలేమో క్లోజు! రేపు ఆడిట్ వాళ్లొస్తే సంతకం పెట్టినవాడి గతేమిటని, పాపం లెబెల్ పెన్షన్ ఆపేస్తారేమోనని ఆయన దిగులు.