రాలితే అంతే

జపాన్‌లో పొలం పనికి వెళ్ళడానికి నైపుణ్య పరీక్షతో పాటు ఎన్4 స్థాయి జపనీస్ వస్తే చాలు. వెళ్ళేది 2019లో వాళ్ళు తెచ్చిన నైపుణ్య కార్మికుల వీసా మీద. ఐదేళ్ళు ఉండనిస్తారు, ఇంట్లోవాళ్ళని వెంట రానివ్వరు. నూజివీడు దగ్గర మా పక్క తోట కుర్రాడు మాత్రం ఎన్4 గట్టెక్కగానే ఏకంగా అన్నిటికన్నా పై మెట్టు ఎన్1 పుస్తకం పట్టాడు. ఆరో తరగతి నుంచే ఐఐటీకి చదివించే ప్రాంతం మాది, వాణ్ణి అని ఏం లాభం!

ఆ పుస్తకంలో 'బ సోరెమదె ద' దగ్గర బండి ఆగిపోయింది. ఎంత పాటుపడినా ఫలానాది జరిగిందా, ఇక అంతే సంగతులు అని చెప్పాలంటే క్రియ చివర దీన్ని తగిలించాలిట. పరీక్షలో రాసేదీ మాట్లాడేదీ ఉండదు, జవాబుల గళ్ళు నల్లగా దిద్దడమే. అయినా ఆన్‌లైన్ టీచరమ్మ సొంత వాక్యాలు రాసుకు రమ్మంది. పాతికేళ్ళు నిండనివాడికి బూడిదలో పోసిన పన్నీరు సంగతేం తెలుస్తుంది? వెళ్ళి నాన్నని అడిగాడు.

ఆయన రసాల తోట గుత్తకి చేస్తాడు. గోనెపట్టా మీంచి లేవకుండానే అందుకున్నాడు. "రాసుకోరా. తేనెమంచు పురుగుకి ఎన్ని మందులు కొట్టినా పూత మాడితే అంతే. పిందె ఎంత నిలిచినా గాలిదుమ్ము లేస్తే అంతే. రేటు ఎంత పలికినా తరుగు తీస్తే అంతే. ఎంత సాకినా, కాయ రాలితే అంతే." ఇంకా చెప్పేవాడే, కుర్రాడి నోట్సులో పేజీ అయిపోయింది.

ఆ తర్వాత జపాన్‌లోని మియాజాకిలో మామిడి పండించే ఒక పెద్దాయన వీడియోలో ఇంటర్వ్యూ చేశాడు. మీ నాన్న దగ్గర ఏం నేర్చుకున్నావని అడిగాడు. మనవాడు ఆ చివరి వాక్యాన్ని జపనీస్‌లో గడగడా ఒప్పజెప్పాడు.

పెద్దాయన నవ్వాడు. "వ్యాకరణంలో తప్పేం లేదు. కానీ మేం కాయ కొయ్యం. గ్రీన్‌హౌస్‌లో ఒక్కో కాయకీ వల తొడిగి, పండి తనంతట తను రాలేదాకా కాచుకుని ఉంటాం. రాలిందే అమ్ముతాం."

నిజమే. 350 గ్రాముల బరువు, 15 డిగ్రీల తీపికి తగ్గని పండ్లని 'సూర్యుడి గుడ్డు' అని పేరు పెట్టి అమ్ముతారు. 2019 సీజను తొలి వేలంలో అలాంటివి రెండు 5 లక్షల యెన్లు పలికాయి, అంటే అప్పటి లెక్కన మన డబ్బుల్లో మూడు లక్షల పైమాట. ఈ కబురు చెబితే గుత్తదారు నమ్మలేదు. "రెండు లారీలా, రెండు కాయలా?" అని మళ్ళీ చెప్పించుకున్నాడు.

"కాయలే. నన్ను తీసుకున్నారు నాన్నా, ఐదేళ్ళకి" అన్నాడు కుర్రాడు.

"తీసుకోకేం చేస్తార్రా! వాళ్ళక్కావలసింది రాలిన కాయేగా" అన్నాడాయన.