ఆగిపోయిన ఖాతాలు

మా రోజుల్లో ఎవరైనా నడుస్తున్న కిరాణా కొట్టు అమ్ముతున్నారంటే, కొనేవాడు ముందు అడిగేది అరువు ఖాతా పుస్తకం. లాభనష్టాల కాగితం ఆ తరవాతే. ఏ ఇంటివాళ్లు ఒకటో తారీఖున బాకీ తీర్చి మళ్లీ నెల సరుకులు రాయించుకుంటున్నారో అందులో తెలిసిపోయేది. మా నాన్నగారు మాత్రం మధ్యలో ఆగిపోయిన ఖాతాలే వెతికేవారు. ఆ పేర్లు రాసుకుని వాళ్ల వీధికే వెళ్లేవారు. "ఆ కొట్టు ఎందుకు మానేశారమ్మా?" అంటే, కందిపప్పులో కేసరిపప్పు కలుస్తోందనో, తూకంలో తేడా వస్తోందనో ఉన్నమాట చెప్పేసేవారు. బేరం అక్కడే తేలిపోయేది.

ఇది పల్లెటూరి చాదస్తం కాదు. 1963లో సలాడ్ నూనె కుంభకోణంతో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ షేరు పడిపోతే, వారెన్ బఫెట్ తన ఊరు ఒమాహాలో ఒక హోటల్ గల్లాపెట్టె వెనక కూర్చుని, జనం ఆ కంపెనీ కార్డుతో బిల్లు కడుతున్నారో లేదో కళ్లారా చూశాడు. కడుతూనే ఉన్నారు. అది చూశాకే భారీగా డబ్బు పెట్టాడు.

ఇప్పుడు వందల కోట్ల కంపెనీ చేతులు మారుతుంటే కస్టమర్ల సంగతి ఒక్క అంకెలో తేల్చేస్తున్నారు. దాని పేరు ఎన్‌పీఎస్, అంటే నెట్ ప్రమోటర్ స్కోర్. 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ చెప్పిన లెక్క. "మమ్మల్ని స్నేహితులకు సిఫార్సు చేస్తారా?" అని సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమంటారు. 9, 10 వేసినవాళ్ల శాతంలోంచి 6, అంతకు తక్కువ వేసినవాళ్ల శాతం తీసేస్తారు. లెక్కలో తప్పులేదు. అడిగింది ఎవర్ని? వదిలేసి పోయినవాడికి ఆ ప్రశ్నే చేరదు. విసిగిపోయినవాడు జవాబివ్వడు. పైగా ఎవరితో మాట్లాడాలో ఆ జాబితా కూడా అమ్మేవాడే ఇస్తాడు! పెళ్లికొడుకు గుణం వాళ్ల మేనమామని అడిగి ముహూర్తం పెట్టుకున్నట్టుంది.

డిస్కౌంటు ఆపేశాక ఎందరు మళ్లీ కొన్నారు, రిఫండ్లు ఏ నెలలో పెరిగాయి, ఫిర్యాదులు ఎన్నాళ్లు నానుతున్నాయి, ఇవన్నీ ఆ కంపెనీ కంప్యూటర్లలోనే ఉంటాయి, మా ఖాతా పుస్తకం కన్నా ఎంతో వివరంగా. అడిగి తీసుకోరేం?

బేరం బయటపడుతుంది, కస్టమర్లకు ఫోన్ చేయకూడదు అంటారు ఈ కొనుగోళ్లు చూసే కుర్రాళ్లు. చేయకండి. మీ జేబులో డబ్బుతో ఆ సరుకు కొనండి. నచ్చలేదని వెనక్కి పంపండి. హెల్ప్‌లైన్‌లో మనిషి ఎప్పుడు పలుకుతాడో, డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో చూడండి.