ఓడే మ్యాచ్‌లు కోరి తెచ్చుకోండి

పాతబస్తీ చిన్న కాలేజీల పీడీ సార్లకు, ప్రిన్సిపాళ్ళకు, ఫుట్‌బాల్ కెప్టెన్లకు నేను చెప్పేది ఒకటే. మీ జట్టును గెలవగలిగే చోట ఆడించకండి, గెలవలేని చోట ఆడించండి. ఏడాదికి పదిహేను మ్యాచ్‌లు దొరికితే అందులో పది ఓడిపోయేవే ఉండేలా చూసుకోండి. స్టాఫ్ రూమ్‌లో ఈ మాట అంటే కొందరు నవ్వుతారు, కొందరు కోప్పడతారు. అయినా హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎలా పెరిగిందో తెలిసినవాళ్ళు దీన్ని కొట్టిపారేయలేరని నా నమ్మకం.

మామూలుగా అందరూ ఇచ్చే సలహా దీనికి తలకిందులు. మన స్థాయి చూసుకుని దిగాలి, పిల్లల ధైర్యం చెడకూడదు, ముందు రెండు కప్పులు కొడితే మేనేజ్‌మెంట్ తనంతట తానే డబ్బులిస్తుంది అంటారు. జరిగేది వేరు. ఇంటర్ కాలేజీ పోటీలు మన దగ్గర ఎక్కువగా నాకౌట్ పద్ధతిలోనే పెడతారు. డ్రా తీసేటప్పుడు మెత్తటి జట్టు పడాలని అందరూ మొక్కుకుంటారు. బై వస్తే పండగే. మొదటి రౌండ్ బైతో గడిచిపోతుంది, రెండో రౌండ్‌లో తమలాంటి జట్టు మీద ఒక గెలుపు, మూడో రౌండ్‌లో అసలైన జట్టు ఎదురై నాలుగు గోల్స్. సీజన్ అక్కడితో ఖతం. ఆ కుర్రాడు మూడేళ్ళ డిగ్రీలో గట్టి ప్రత్యర్థితో ఆడింది మహా అయితే మూడుసార్లు. మూడుసార్లతో ఎవరికి ఏం వస్తుంది? అందుకే బై వచ్చిన రోజు సెలవు తీసుకోకండి. అదే రోజు, అదే టైముకి, మిమ్మల్ని చిత్తుగా ఓడించగల జట్టుతో ఫ్రెండ్లీ పెట్టుకోండి.

సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కూడా మొదట బడిపంతులే. ఉస్మానియాలో చదివి, ఉస్మానియాకు ఆడి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత నెత్తిన వేసుకున్న మనిషి. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. ఈ గెలుపుల సంగతి పాతవాళ్ళందరికీ తెలుసు. 2024లో ఆయన మీద ‘మైదాన్’ సినిమా వచ్చాక ఈ తరానికీ ఆయన పేరు తెలిసింది.

నేను చూడమనేది ఆయన ఓటములను. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్ అది. కోచ్ రహీం సాబే. అంత దెబ్బ తగిలాక మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. ఆయన యూరప్ జట్ల పద్ధతి గమనించి ఆట అమరికనే మార్చుకున్నారు. నాలుగేళ్ళకు మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరితే, ఎదురైంది మళ్ళీ యుగోస్లావియానే. ఈసారి మొదటి గోల్ మనది. ఓడాం, కానీ 4-1తో. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. ఫైనల్‌లో అదే కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మొదటి రోజు ఏదో మెత్తటి జట్టు తగిలి ఐదు గోల్స్ కొట్టి ఉంటే ఆ ఫైనల్ అలా ముగిసేదని నేననుకోను. ఆ తర్వాతి ఏడాది జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు, ఆ బాటలో వచ్చినవాళ్ళు కలకత్తా మైదానాలను దశాబ్దాల పాటు ఏలారు. హబీబ్, నయీముద్దీన్, షబ్బీర్ అలీ పేర్లు అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మరీ పెద్ద ఓటములు జట్టునే మూయిస్తాయి కదా అని. నిజమే, మూయించిన చోటు ఉంది. అమెరికాలో చికాగో యూనివర్సిటీ ఒకప్పుడు వాళ్ళ తరహా ఫుట్‌బాల్‌లో, అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటలో, మహా జట్టు. 1939లో మిషిగన్ చేతిలో 85-0తో ఓడింది. ఆ డిసెంబర్‌లోనే జట్టును రద్దు చేశారు. ఏళ్ళు గడిచాక మళ్ళీ మొదలుపెట్టి, ఆట కోసమని స్కాలర్‌షిప్ ఇవ్వని మూడో డివిజన్‌లో సర్దుకున్నారు. అక్కడ కాలేజీలు తమ డివిజన్‌ను తామే ఎంచుకునే వీలుంది కాబట్టి ఇలాంటి వెనకడుగు కుదిరింది. నేను చికాగోను తప్పుపడతాను. 85-0 ఓడటంలో తప్పు లేదు, ఆ తర్వాతి ఏడాది మిషిగన్‌ను మళ్ళీ పిలవకపోవడంలో ఉంది. 10-1 తర్వాత రహీం సాబ్ జట్టు మూసుకోలేదు.

మన దగ్గర డివిజన్ పూర్తిగా మన చేతిలో ఉండదు. రహీం లీగ్ అని పిలుచుకునే మన లీగ్‌లో ఏ, బి, సి డివిజన్లు. కొత్త జట్టు కింది నుంచే ఎక్కాలి. ఎక్కే అవకాశం వస్తే మాత్రం ఖర్చని, కుర్రాళ్ళు తట్టుకోలేరని ఆగకండి. ఎక్కండి, మరుసటి ఏడాది దిగిపోతే దిగిపోండి. ఇంకో మాట, మన చేతిలో ఉన్నవి ఫ్రెండ్లీలు, వాటికి డివిజన్ లేదు. పోలీసు జట్టును అడగండి, రైల్వేను అడగండి, ఆర్టిలరీ సెంటర్‌కు వెళ్ళి గేటు దగ్గర లెటర్ ఇచ్చి అడగండి. బార్కస్‌ను మరిచిపోకండి. నిజాం కాలపు అరబ్ సైనికుల బారకాసుల నుంచి పుట్టిన బస్తీ అది, ఫుట్‌బాల్ అక్కడ తాత నుంచి మనవడికి వస్తుంది. అక్కడ సాయంత్రం పూట ఆడే గల్లీ కుర్రాళ్ళు చాలా కాలేజీ జట్ల కంటే గట్టివాళ్ళు. వాళ్ళ చేతిలో ఓడిపోతే పరువు పోతుందని కాలేజీలు దూరంగా ఉంటాయి. ఆ పరువును పక్కన పెట్టండి.

అలాంటి ఓటమి ఒకటి దగ్గర నుంచి చూశాను. హాఫ్ టైమ్‌కి ఐదు గోల్స్ పడ్డాయి. గోలీ స్టడ్స్ మధ్య ఇరుక్కున్న మట్టిని పుల్లతో తీసుకుంటూ తల ఎత్తడం లేదు. లెఫ్ట్ బ్యాక్ ఆడుతున్న ఫస్టియర్ కుర్రాడు పీడీ సార్ దగ్గరకొచ్చి “ఔర్ కిత్తే పడ్తే సాబ్?” అన్నాడు. ఇంకెన్ని పడతాయని. సార్ కోప్పడలేదు. “వాడు లోపలికి తిప్పుతున్నాడు, నువ్వేమో ప్రతిసారీ మీద పడుతున్నావు. పడకు. రెండడుగులు వెనక నిలబడు, గీత వైపు పోనివ్వు” అన్నారంతే. సెకండాఫ్ మొదటి పది నిమిషాల్లో ఆ వింగర్ మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి కుర్రాడు అలవాటుకొద్దీ మీద పడ్డాడు, వింగర్ దాటేశాడు. రెండోసారి ఆగాడు. మూడోసారి ఆగి, ఎడమ భుజం కాస్త తిప్పి నిలబడితే వింగర్ గీత దాకా పోయి బంతిని బయటికి కొట్టుకున్నాడు. మ్యాచ్ 7-0. తన స్థాయి జట్లతో ఆడితే ఆ కుర్రాడు అలా మీద పడుతూనే ఉండేవాడు, బంతి దొరుకుతూనే ఉండేది, తప్పు అని ఎవరూ చెప్పే పనే ఉండేది కాదు.

ప్రాక్టీస్ మ్యాచ్‌లను కూడా కష్టంగా మార్చండి. రహీం సాబ్ డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టేవారు, వాటం లేని కాలితోనే ఆడాలన్న పోటీలు పెట్టేవారు. వారంలో ఒక రోజు మీ బెస్ట్ ప్లేయర్‌ను ఎడమ కాలితోనే ఆడమనండి. చిరాకు పడతాడు, పడనివ్వండి.

సొంత గ్రౌండ్ లేదని బాధపడే ప్రిన్సిపాళ్ళకు నా సలహా, గ్రౌండ్ కోసం పాకులాడటం మానండి. పాతబస్తీలో నూరు మీటర్ల పొడవు, అరవై నాలుగు మీటర్ల వెడల్పు ఖాళీ నేల ఏ కాలేజీకి దొరుకుతుంది? దొరికినా మూడేళ్ళలో దాని మీద ఒక బ్లాక్ లేస్తుంది. ప్రతి మ్యాచ్ బయటే ఆడే జట్టు ఏ నేల మీదైనా ఆడుతుంది. సిటీ కాలేజీ దగ్గరి కులీ కుతుబ్ షా స్టేడియం, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్, జింఖానా, ఎవరి నేల అయితే ఏం? బొంబాయి కప్పులు కొట్టిన పోలీసు జట్టుకు బొంబాయిలో సొంత గ్రౌండ్ లేదు. గ్రౌండ్ కోసం పక్కన పెట్టిన డబ్బును ఆటో చార్జీలకు, బంతులకు, కాలిపట్టీలకు, మ్యాచ్ తర్వాత పిల్లల భోజనానికి పెట్టండి. టర్ఫ్ బాక్సుల్లో అర్ధరాత్రి దాకా ఆడే ఐదుగురి ఆట మాత్రం దీనికి బదులు కాదు. అక్కడ గోడ బంతిని తిప్పి ఇస్తుంది, పెద్ద గ్రౌండ్‌లో ఏ గోడా ఇవ్వదు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనది, తేదీలు. పాతబస్తీలో ఫిక్స్చర్ వేయడమంటే ముందు క్యాలెండర్‌ను గౌరవించడం. శుక్రవారం మధ్యాహ్నం మూడింటి లోపు మ్యాచ్ పెట్టకండి. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఊరేగింపు ఏనుగు మీద చాదర్‌ఘాట్ దాకా పోతుంది, ఆ రోజు దారులు ఉండవు, ఉన్నా ఆడే మనసు ఉండదు. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాల ఆదివారం, ఆ మర్నాడు ఘటాల ఊరేగింపు. అనంత చతుర్దశి నాడు బాలాపూర్ గణపతి చార్మినార్ మీదుగా హుస్సేన్ సాగర్‌కు కదులుతాడు. మీలాద్ ఉంది, బక్రీద్ ఉంది. ఈ రోజుల్లో ఫిక్స్చర్ వేస్తే పిల్లల్ని ఇంటికీ జట్టుకీ మధ్య నిలబెట్టినట్టే. వేయకండి.

రంజాన్ గురించి ఇప్పుడే ఆలోచించాలి. ఏటా సుమారు పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతూ 2024లో మార్చి రెండో వారంలో, 2025లో మార్చి మొదట్లో మొదలైంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర మరోసారి రాబోతోంది. అంటే మనం ఆటకు అనువైనదని నమ్ముకున్న చలికాలం రానున్న ఏళ్ళలో ఉపవాసాలకు పోతుంది. అందుకే సీజన్‌ను వానాకాలానికి మార్చుకోండి. బురదలో ఆడితే కాళ్ళు విరుగుతాయంటారు. కలకత్తా లీగ్ తరతరాలుగా వానల్లోనే సాగింది. మన హబీబ్, మన అమల్‌రాజ్ ఆ బురదలోనే పేరు తెచ్చుకున్నారు.

ఇన్ని రోజులు తీసేశాక, ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్, సెమిస్టర్ పరీక్షలు కూడా తీసేస్తే మిగిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టే వారాలు. కాబట్టి పండగ రోజులు వదలండి, పరీక్షల వారాలు వదలకండి. పేపర్ ఉన్న రోజు వద్దు. పేపర్‌కు ముందు రోజు ఉదయం ఆరున్నరకు మ్యాచ్ పెట్టండి. తొమ్మిదికల్లా ఇంటికి పోతారు, స్నానం చేసి, తిని, చదువుకుంటారు. తల్లిదండ్రులు ఫోన్ చేస్తారు. ఫోన్ ఎత్తి మాట్లాడండి, మ్యాచ్ మాత్రం రద్దు చేయకండి.

పదకొండు మంది రాలేదని వాకోవర్ ఇవ్వడం పాతబస్తీ కాలేజీల పెద్ద జబ్బు. ఆట నియమాల ప్రకారం ఒక్కో వైపు ఏడుగురు ఉంటే మ్యాచ్ మొదలుపెట్టొచ్చు. ఏడుగురితో దిగండి. పది గోల్స్ పడతాయి, పడనివ్వండి. ఆ ఏడుగురూ ఆ రోజు పరిగెత్తినంత దూరం ఇంకెప్పుడూ పరిగెత్తరు. అమ్మాయిల జట్టు మొదలుపెట్టాలని ఏళ్ళ తరబడి అనుకుంటూ పదహారు మంది పేర్లు నిండలేదని ఆగిపోయే కాలేజీలకు మరీ మరీ చెబుతున్నాను, హుస్సేనీ ఆలంలోనైనా ఇంకెక్కడైనా ఏడుగురు అమ్మాయిలు ఒప్పుకున్న రోజే మ్యాచ్ అడగండి.

మన కాలేజీ రోల్స్‌లో లేని గట్టి ఆటగాడిని ఒక్క మ్యాచ్‌కు తెచ్చి దింపే అలవాటు మానుకోండి. నియమానికి విరుద్ధం అన్నది ఒక కారణం. అతను గోల్ కొట్టిన మ్యాచ్‌లో మీ సెంటర్ ఫార్వర్డ్ గట్టు మీద కూర్చుని చూస్తాడు, వచ్చే ఏడాది ఆట మానేస్తాడు. ఇది నాకు అసలు కారణం.

ఈ పని జూన్‌లోనే మొదలుపెట్టండి. పెద్ద జట్లకు రాసే లెటర్‌లో మా జట్టు చిన్నది, దయచేసి అవకాశమివ్వండి అని రాయకండి. మూడు తేదీలు, రెండు టైములు, మీ ఫోన్ నంబరు రాయండి. మేమే వస్తాం, బంతి మేమే తెస్తాం, రెఫరీ ఫీజు మేమే ఇస్తాం అని రాయండి. వారంలో జవాబు రాకపోతే ప్రాక్టీస్ జరిగే గ్రౌండ్‌కే వెళ్ళి కోచ్‌ను కలవండి. ఒప్పుకుంటే ఆ కాగితం మీదే సంతకం చేయించుకోండి. మ్యాచ్ అయ్యాక, ఎన్ని గోల్స్‌తో ఓడినా సరే, పిల్లలు బూట్లు విప్పుకుంటుండగానే ఆ కోచ్ దగ్గరకు మళ్ళీ వెళ్ళి వచ్చే నెలలో ఏ రోజు ఖాళీ అని అడిగి డైరీలో రాసుకోండి.