ఆరు ఓవర్ల శంకుస్థాపన

వచ్చే సీజన్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ కప్పు కొడుతుందా అని ప్రొద్దుటూరులో ఎవరినైనా అడగండి. జవాబు రాదు, ఎదురు ప్రశ్న వస్తుంది: మూడొందలు కొడతారా, కొట్టరా? జమ్మలమడుగు టీ అంగళ్ల దగ్గరా అదే మాట, పులివెందుల బస్టాండులోనూ అదే మాట. కప్పు సంగతి దేవుడు చూసుకుంటాడు, మూడొందల పూచీ మాత్రం మనది అన్నట్టుంటుంది వరస. అభిమానులను ఏమీ అనడానికి లేదు, వాళ్లు టికెట్టుకో, ఫోను డేటాకో డబ్బు పెట్టి సంతోషం కొనుక్కుంటున్నారు. కానీ వేలంలో కోట్లు గుమ్మరించి చెయ్యెత్తే పెద్దమనుషులు కూడా ఇదే ప్రశ్న వేసుకుంటున్నట్టు కనబడితే నోరు మూసుకోవడం కష్టం. హైదరాబాద్ తరఫున ఐపీఎల్‌లో ఇంతవరకు వచ్చిన కప్పులు రెండే. రెండింటినీ నిలబెట్టింది బంతి. బ్యాటు తెచ్చిపెట్టింది రికార్డులు. వాటిని బీరువాలో దాచుకోవచ్చు గానీ ఊరేగించడానికి వీల్లేదు.

పాత లెక్కలు తీద్దాం. 2008లో హైదరాబాద్ అప్పటి జట్టు డెక్కన్ చార్జర్స్ ఎనిమిది జట్లలో ఎనిమిదోది. గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, అఫ్రిదీ, రోహిత్, లక్ష్మణ్... ఆ జట్టులో లేని బ్యాటు లేదు. మరుసటి ఏడు టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది. అక్కడ ఆర్పీ సింగ్ 23 వికెట్లు తీసి పర్పుల్ క్యాప్ పెట్టుకున్నాడు. ఫైనల్లో గిల్‌క్రిస్ట్ సున్నాకే వెనక్కి వచ్చాడు, జట్టంతా కలిసి చేసింది 143. బెంగళూరును 137 దగ్గర ఆపి ఆరు పరుగులతో కప్పు పట్టుకొచ్చారు. 2016 అనగానే వార్నర్ పేరు ముందుకొస్తుంది. న్యాయమే, ఆ సీజన్లో ఆయన 848 పరుగులు చేశాడు. అయితే ఫైనల్లో 208 కొట్టాక కూడా గేల్, కోహ్లీ వికెట్ పడకుండా 114 బాదేశారు. చెయ్యి జారిన మ్యాచ్‌ను ఎనిమిది పరుగుల తేడాతో వెనక్కి లాక్కొచ్చింది బౌలర్లు. ఆ ఏడాది పర్పుల్ క్యాప్ భువనేశ్వర్ కుమార్‌ది, అవీ 23 వికెట్లే. 2018 ఇంకా విచిత్రం. ఏప్రిల్ 24న వాంఖడేలో 118కే చాప చుట్టేసి, ముంబయిని 87కు కూలగొట్టారు. రెండు రోజుల తర్వాత ఉప్పల్‌లో 132 చేసి, పంజాబ్‌ను 119కు కట్టేశారు. ఆ బౌలింగుతోనే ఫైనల్ దాకా వెళ్లారు. కాకపోతే 118 కొట్టి గెలిచిన మ్యాచ్ రీలు ఎవరి ఫోనులోనూ తిరగదు.

ఇక కొత్త యుగం. 2023లో పది జట్లలో పదో స్థానం. 2024లో కమిన్స్ కెప్టెన్ అయ్యాడు, హెడ్, అభిషేక్ ఓపెనర్లయ్యారు, బౌండరీ అవతల బంతులు ఏరే కుర్రాళ్లకు తీరిక లేకుండా పోయింది. మార్చి 27న ముంబయి మీద 277, ఏప్రిల్ 15న బెంగళూరు మీద 287, ఏప్రిల్ 20న ఢిల్లీ మీద మొదటి ఆరు ఓవర్లలోనే వికెట్ పోకుండా 125. మే 26న చెన్నైలో ఫైనల్: 113 ఆలౌట్. ఐపీఎల్ ఫైనళ్లలో అంతకంటే చిన్న స్కోరు లేదు. కోల్‌కతా 63 బంతుల్లో పని ముగించుకుని కప్పు ఎత్తుకుపోయింది. 2025లో మార్చి 23న రాజస్థాన్ మీద 286తో మొదలెట్టారు, ఆ వెంటనే వరసగా నాలుగు ఓటములు. ఆరో స్థానంతో సీజన్ ముగిసింది. ప్లేఆఫ్స్ తలుపు మూసుకున్నాక, ఎవరికీ అక్కర్లేనప్పుడు, మే 25న కోల్‌కతా మీద 278 కొట్టారు.

ఈ కథను జమ్మలమడుగు జనానికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ నియోజకవర్గంలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో శంకుస్థాపన జరిగింది. 2018 డిసెంబరులో జరిగింది. 2019 డిసెంబరులో జరిగింది. 2023 ఫిబ్రవరిలో కూడా జరిగింది. ముగ్గురు ముఖ్యమంత్రులు, నాలుగు శిలాఫలకాలు, ఉక్కు మాత్రం ఇంకా రావాలి. రాయి వేసిన నాడు హెలికాప్టరు, శామియానా, మైకు, బస్సుల్లో జనం, అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. అది పవర్‌ప్లే. భూమి కాగితాలు, నీళ్లు, కరెంటు, బ్యాంకు అప్పు, కొలిమి అనేవి ఏడో ఓవర్ తర్వాత మొదలయ్యే పనులు. వాటికి చప్పట్లు కొట్టేవాళ్లుండరు, ఫొటో దిగేవాళ్లుండరు. సన్‌రైజర్స్‌ను కనిపెట్టింది చెన్నై యజమానులే కావచ్చు, ఆడే పద్ధతి మాత్రం మా కడప జిల్లా నుంచి పోయిందేనని నా గట్టి అనుమానం.

వేలంలో ఏం చేశారో చూస్తే వచ్చే సీజన్ జాతకం సగం తెలిసిపోతుంది. పదకొండు సీజన్లు తమ దగ్గర బంతి వేసిన భువనేశ్వర్‌ను 2024 నవంబరు వేలంలో వదులుకున్నారు. బెంగళూరు 10.75 కోట్లకు తీసుకుంది. పద్దెనిమిదేళ్లు అంగలార్చిన బెంగళూరుకు 2025 జూన్ 3న మొదటి కప్పు వచ్చింది. యాదృచ్ఛికమే అనుకుందాం. మనవాళ్లు అదే వేలంలో షమీని 10 కోట్లకు తెచ్చుకున్నారు. తొమ్మిది మ్యాచుల్లో ఆరు వికెట్లు. పంజాబ్ మీద నాలుగు ఓవర్లకు 75 పరుగులు ఇచ్చుకున్నాడు. అదే మ్యాచ్‌లో అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టి 246 లక్ష్యాన్ని దాటించాడు కాబట్టి ఆ 75 ఎవరికీ గుర్తులేదు. షమీ ఆ తర్వాత లక్నో చేరాడు. ఆ ఖాళీ పూడ్చడానికే 2025 డిసెంబరు 16న అబుదాబీ వేలానికి వెళ్లారనుకుంటే, అక్కడ 13 కోట్లు పోసి లియామ్ లివింగ్‌స్టన్‌ను కొన్నారు. మొదట ఆయన పేరు పిలిచినప్పుడు ఏ జట్టూ చెయ్యెత్తలేదు. హెడ్, అభిషేక్, ఇషాన్ కిషన్, క్లాసెన్, నితీశ్ రెడ్డి ఉండగా ఇంకో బ్యాటు! మరి బౌలింగ్ భారం ఎవరి మీద? కమిన్స్ మీద. కమిన్స్ భారం ఎవరి మీద? ఆయన నడుము మీద. ఆ నడుము 2025-26 యాషెస్‌లో అయిదు టెస్టులకు ఒక్క టెస్టే ఆడనిచ్చింది. హర్షల్ పటేల్, ఉనద్కత్ పనిమంతులే, ఇషాన్ మలింగ చురుకైన కుర్రాడే. ముగ్గురూ అసలు బౌలర్‌కు తోడుగా పనికొచ్చేవాళ్లు. ఆ అసలు బౌలర్ ఎవరన్నదే తేలలేదు.

ట్వంటీ20 బ్యాటర్ల ఆట కదా, ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక బౌలర్ పని బంతి అందించడమే కదా అంటారు. నిజమే, 2023 నుంచి ఆట తీరు మారింది. అయితే ఆ నిబంధన అందరికీ ఒకటే, ఆ పిచ్ అందరికీ ఒకటే. అందరూ రెండొందలు కొట్టే చోట, 190 ఇచ్చేవాడే గెలుస్తాడు. 2024 సీజన్ కోసం కోల్‌కతా 24.75 కోట్లు పెట్టి స్టార్క్‌ను కొంటే నవ్వినవాళ్లున్నారు. ఫైనల్ మొదటి ఓవర్లోనే అతను అభిషేక్ వికెట్టు లేపేశాక ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు. 2025 ఫైనల్లో బెంగళూరు చేసింది 190, పంజాబ్ ఆగింది 184 దగ్గర. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కృనాల్ పాండ్యా, నాలుగు ఓవర్లలో 17 పరుగులిచ్చి రెండు వికెట్లు తీసినందుకు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. పదో స్థానం నుంచి ఒక్క ఏడాదిలో రెండో స్థానానికి, అక్కణ్ణుంచి ఫైనల్‌కు తీసుకెళ్లింది ఆ బ్యాట్లే. వాటిని తిడితే కృతఘ్నత. పులివెందుల చీనీ రైతు కూడా పూత చూసి మురుస్తాడు, పూతను మండీకి మాత్రం తోలుకుపోడు.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది కాస్త గట్టిది. అసలది మన జట్టేనా? యజమాని చెన్నై సన్ గ్రూపు, కెప్టెన్ ఆస్ట్రేలియా, కోచ్ వెట్టోరీ న్యూజిలాండ్, ఊరు తెలంగాణ. తెలుగు లెక్కకు విశాఖ నితీశ్ ఒక్కడు గట్టిగా కనబడతాడు. హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న తీరిపోయింది, అంటే ఆ ఫైనల్ ఓడిన వారానికి. రాజధాని పంపకం చట్టంలో ఉంది గానీ జట్టు పంపకం ఏ షెడ్యూల్లోనూ లేదు, కాబట్టి ఇంకా ఉమ్మడిగానే అనుభవిస్తున్నాం. ఆంధ్రకు సొంత ఐపీఎల్ జట్టు లేదు. విశాఖ మైదానాన్ని 2024, 2025 సీజన్లలో ఢిల్లీ వాళ్లు రెండో ఇల్లుగా వాడుకున్నారు. 2025 మార్చి 30న అక్కడ సన్‌రైజర్స్ ఆడితే ఢిల్లీ ఆతిథ్య జట్టు, మనం చుట్టాలం. ఓడిపోయి వచ్చాం కూడా. ఇంత గందరగోళంలోనూ జనం ఆ నారింజ చొక్కా విప్పడం లేదంటే, అది తర్కానికి అందే విషయం కాదు. అందుకే దాన్ని గెలిపించే లెక్కయినా తర్కంతో వెయ్యమంటున్నాను.

ఆ లెక్క మన ఊళ్లలో ఎందుకు సాగదో కూడా చెప్పుకోవాలి. ఐపీఎల్ వస్తే ప్రొద్దుటూరులో పోలీసులకూ సీజన్ మొదలవుతుంది. బెట్టింగ్ ముఠా అరెస్టు అనే వార్తకు పేపరువాళ్లు ఏటా తేదీ, ఫోన్ల సంఖ్య మార్చుకుంటే చాలు. ఆన్‌లైన్ బెట్టింగును రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది, దాని దెబ్బకు డ్రీమ్11 టీమిండియా చొక్కా మీంచి దిగిపోయింది. చట్టాలు పెరిగినా ఆశ తగ్గలేదు. పందెం కాసేవాడికి రెండు నెలల తర్వాత వచ్చే కప్పుతో పనేముంది? వాడికి కావాల్సింది ఈ ఆరు ఓవర్లు, అరగంటలో తేలిపోయే సెషన్. మూడొందల ప్రశ్నకు పుట్టినిల్లు ఆ అరగంటే. పందెం తెలియని పిల్లలు కూడా ఆ భాషలోనే ఆట మాట్లాడుకోవడం మొదలెట్టారు.

ఇదంతా జరుగుతున్న చోటికి కాస్త దూరంలోనే వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఉంది. శ్రీచరణి ఊరు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి భారత మహిళలు వన్డే ప్రపంచ కప్పు ఎత్తినప్పుడు, ఆ జట్టులో ఎడమచేతి స్పిన్ వేసింది మన కడప పిల్ల. టోర్నీలో 14 వికెట్లు. జిల్లా ప్రపంచానికి ఇచ్చిన కప్పు కూడా బంతితోనే వచ్చిందన్నమాట. నెల తిరక్కుండానే మహిళల లీగు వేలంలో ఢిల్లీ ఆమెను 1.3 కోట్లకు తీసుకుంది. ఆ లీగు ఖజానా చిన్నది కాబట్టి పోలిక సరి కాదంటారేమో. సరే, వదిలేస్తాను, లివింగ్‌స్టన్ ధరలో పదో వంతు అని మాత్రం చెప్పి వదిలేస్తాను.

ఇంతకీ వచ్చే సీజన్ అంచనా కావాలి కదా. ఒక మ్యాచ్‌లో మూడొందలు దాటడానికి అవకాశం బాగానే ఉంది, దాటితే మన మూడు ఊళ్లలో ఆ రాత్రి నిద్ర ఉండదు. ప్లేఆఫ్స్‌కు సగం సగం. కమిన్స్ నడుము సహకరించి, ఒక భారత బౌలర్ ఎవరైనా ఇరవై వికెట్లు దాటితే మొదటి నాలుగులో ఉంటారు. లేకపోతే అయిదు, ఆరు స్థానాల మధ్య ఎక్కడో, మంచి రన్‌రేట్‌తో. కప్పు మాట నేనెత్తను. అన్నట్టు లివింగ్‌స్టన్ స్పిన్ కూడా వేస్తాడు, ఆఫ్ బ్రేకూ లెగ్ బ్రేకూ రెండూ వచ్చు. 13 కోట్లు ఇచ్చినవాళ్లు మ్యాచ్‌కు నాలుగు ఓవర్లు అడిగితే కాదనడనే అనుకుంటున్నాను.