నులిపురుగునకు సన్మానపత్రము

1983లో చైనాలోని హైనాన్ ద్వీపపు నమూనానుబట్టి శాస్త్రజ్ఞులు తొలుత వర్ణించి, మెలాయిడోగైనీ ఎంటెరోలోబీ యని నోరు తిరుగని నామకరణము గావించిన వేరుబుడిపె నులిపురుగు, 2016లో తమిళనాట దిండిగల్ జిల్లా ఆయక్కుడి జామతోటలలో నున్నట్లు మన దేశమున ప్రథమముగా ప్రకటింపబడి, పిమ్మట తెలుగునాటి తోటలకును విచ్చేసినది. మట్టిలో తనంత తాను బహుస్వల్పదూరమే ప్రాకగల ప్రాణి యింతటి దేశాటనము చేసినదనగా, సన్మానము దానికి గాదు, మోసితెచ్చిన మనకే జరుగవలెను.

అంటుమొక్క కొన్నవానికి నర్సరీవారు వేరుమట్టితోగూడ దీనిని కొసరుగా ముట్టజెప్పుచున్నారు. ఆకు నిగనిగ చూచి, కాయ బరువడిగి, లారీ కిరాయికై గంటసేపు వాదులాడు మనము, సంచి చింపి వేరు చూచుటను మాత్రము పెండ్లిచూపులలో వరుని అప్పులడిగినంత అమర్యాదగా భావింతుము.

ఇక జామ ఆకులు రాగిరంగు తిరిగి, కాయ చిక్కి, చెట్టు ఎండనారంభించినపుడు జరుగు వైద్యము చూడవలసినదే. మందుల దుకాణదారు జింకు లోపమనును. పొరుగు రైతు నీరెక్కువైనదనును. ఆకులు మాత్రము పూటకొక మందుతో స్నానమాడుచుండును. పాదులో జానెడు లోతు త్రవ్వి పిల్లవేళ్లను పైకి తీసినవాడు లేడు. తీసినచో, ఉబ్బి ఒకదానితో నొకటి కలిసిపోయిన బుడిపెలు కంటికే కనబడును. వేరుసెనగ వేళ్లమీది మేలుచేయు బొడిపెలు గోటితో గిల్లిన ఊడివచ్చును. ఇవి రావు, వేరు తానే ఉబ్బి బుడిపెయైనది గనుక. లోపల ఆడపురుగు వందలాది గ్రుడ్లతో సుఖముగా కాపురమున్నది. నులిపురుగులకు లొంగవని పేరుపడ్డ టమాటా రకములను సైతము ఈ యిల్లాలు లెక్కచేయదు.

ఒకవేళ పురుగును కనిపెట్టినవాడున్నను, అతడు పూను ప్రథమ దీక్ష మౌనవ్రతము. చెప్పిన తోట వెల తగ్గును, కౌలుదారు రాడు, నర్సరీవాని గిరాకి పోవును. కావున చెట్టును రాత్రికిరాత్రి పెరికి, వేరుమట్టిని కాలువలో దులిపి, పరువును ఇంటనుంచుకొని పురుగును దిగువ పొలమునకు సాగనంపుదుము. చీడల రాకపోకలను నిరోధింప 1914లోనే చట్టము చేసిన దేశమిది. పురుగు దానిని చదువలేదు సరే, మనమును చదువలేదు.

అయ్యలారా, ఆ పిల్లవేళ్లను చుట్టుమట్టితో సహా ఆరిపోనీయక ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఎండ తగులనీయక, ఊరు, తోట, మొక్కలు తెచ్చిన నర్సరీ పేర్లు వ్రాసి, ఉద్యాన అధికారికో కృషి విజ్ఞాన కేంద్రమునకో నేడే అప్పగింపుడు.