తైల మీమాంస

పికప్ బండి అనే జీవికి ప్రాణవాయువు డీజిలు అయితే, ఆయుర్దాయం బ్రేకాయిలు. ఆ తైలాన్నీ, దాని సోదరుడైన స్టీరింగాయిలునూ ఎప్పుడు మార్చాలి, ఎట్లా మార్చాలి అన్నదే ఈ శాస్త్ర విషయం. బి.కొత్తకోట చుట్టుపక్కల మెకానిక్ షెడ్లే దీనికి గురుకులాలు. టమాటా కాలంలో క్రేట్లు వేసుకుని తెల్లారకముందే మదనపల్లె మార్కెట్టుకు తోలేవాడు ఇందులో ఉత్తమాధికారి. వాడి పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాడు, అంటే నేను, అధమాధికారి. శాస్త్రాలు రాసేది ఎప్పుడూ అధములే.

లక్ష్య నిర్ణయం. ముందుగా ఒక భ్రమ తొలగించాలి. మద్రాసుకు సరుకు తోలే పది చక్రాల లారీ బ్రేకుల్లో ఆయిలు లేదు. అది గాలితో ఆగుతుంది. దాని నిత్యకర్మ వేరు: గాలి ట్యాంకీ అడుగు వాల్వు తెరిచి, చేరిన నీళ్లను రోజూ వదలాలి. అట్లాగని అది తైలరుణం నుంచి పూర్తిగా బయటపడలేదు, క్లచ్‌కు బ్రేకాయిలే దిక్కు. ఈ శాస్త్రం పూర్తిగా వర్తించేది బొలెరో పికప్, టాటా ఏస్ జాతులకు. పాత ఏస్‌లకు డ్రైవరు భుజాలే పవర్ స్టీరింగు కాబట్టి రెండో తైలం వాటికి అక్కర లేదు.

స్వభావ నిర్ణయం. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు పాస్కల్ తేల్చాడు. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు దాన్ని నాలుగు చక్రాలకూ తగిలించింది. కాలు నొక్కితే బండి నిలిచే రహస్యం ఇంతే. కానీ ఈ తైలానికి ఒక దుర్గుణం ఉంది. ముసురు రోజుల్లో మూత పెట్టని ఉప్పు డబ్బా మాదిరి అది గాలిలోని తేమను తాగుతుంది. రబ్బరు గొట్టాల గుండా, మూత సందు గుండా తాగుతూనే ఉంటుంది. డాట్ 3 రకం కొత్తలో కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నూటికి 3.7 పాళ్లు నీళ్లు చేరితే ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు 230, 155.

ఇక్కడ భౌగోళిక భాష్యం అవసరం. హార్స్‌లీ కొండ 1265 మీటర్ల ఎత్తు. పైన టీ నీళ్లు నూరు డిగ్రీల దాకా ఓపిక పట్టవు, 96 దగ్గరే తెర్లుతాయి. ఆ కొండ దిగేటప్పుడో, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడో డ్రైవరు బ్రేకు మీదే కాలు పెట్టుకుని పోతే చక్రం కాగుతుంది, దాని పక్కనున్న ఆయిలూ కాగుతుంది, అందులోని నీరు ఆవిరవుతుంది. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. పెడల్ మెత్తగా నేలకు అంటుకుంటుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగమన్నారు పెద్దలు.

పూర్వపక్షం. ఈ విషయంలో మా షెడ్లలో మూడు మతాలున్నాయి. మొదటిది 'ఏం కాదులే' మతం. "నడస్తా ఉండే బండిని ఊరికే కెలకొద్దు సార్" అన్నది దాని మహావాక్యం. రెండోది 'తగ్గితే పోద్దాం' మతం. వీళ్లది మరీ ప్రమాదం. డబ్బాలో మట్టం దిగిందంటే సాధారణంగా లైనర్లు అరిగినట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. పైన ఆయిలు పోసేవాడు ఆ కబురు మనకు అందకుండా చేస్తున్నాడు. పైగా వాడు పోసేది దేవుడి పటం కింద ఆరు నెలలుగా మూత సగం తెరిచి ఉన్న డబ్బాలోది. మూడోది 'మొత్తం మార్చు' మతం. దీనికి అనుయాయులు తక్కువ, బండి గుట్టకు గుద్దుకున్నాక చేరినవాళ్లే ఎక్కువ.

విధి. పాత ఆయిలునూ, గొట్టాల్లో చేరిన గాలినీ తీయడానికి ఇద్దరు కావాలి. పైన యజమాని, కింద మెకానిక్. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలు. మన బండ్లలో సాధారణంగా అది వెనక ఎడమది. నిప్పిల్‌కు సన్నని పారదర్శక ట్యూబు తగిలించి, రెండో కొస ఖాళీ నీళ్ల సీసాలో పెడతాడు. ఆపైన కింది నుంచి మంత్రం వినిపిస్తుంది: "కొట్టు, కొట్టు, కొట్టు... పట్టు!" పెడల్ అదిమి పట్టుకోవాలి. స్పానరు తిరుగుతుంది, డికాక్షన్ రంగు ద్రవం బుడగలతో ట్యూబులోకి దూకుతుంది, కాలు కిందికి దిగిపోతుంది. స్పానరు మళ్లీ బిగిశాకే "వదులు". ఒకసారి ఫోను మోగిందని నేను ముందే కాలు తీశాను. సీసాలోకి పోవాల్సిన బుడగలు వెనక్కి ఈదుకుంటూ ట్యూబు ఎక్కిపోయాయి. "వదలమన్నానా సార్?" అంది కింది గొంతు, చాలా మెల్లగా. ఆ చక్రం మళ్లీ మొదటినుంచి. తేనెరంగు కొత్త ఆయిలు బుడగ లేకుండా వచ్చేదాకా ఇట్లాగే, నడుమ పైడబ్బా ఎండకుండా పోస్తూనే ఉండాలి. చుక్క రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, పెయింటును తినేస్తుంది.

స్టీరింగాయిలు పని సులువు. డబ్బాలోది సిరంజితో పీల్చి, కొత్తది పోసి, ఇంజను తిప్పి స్టీరింగును ఆ చివరి నుంచి ఈ చివరికి మెల్లగా తిప్పాలి. చివర్లో బిగబట్టి ఉంచకూడదు, పంపు ఏడుస్తుంది. మాడిన గోధుమరంగు పోయి ఎర్రగా కనిపించేదాకా మళ్లీ మళ్లీ.

సంకర నిషేధం. ఈ రెంటినీ కలపడం మహాపాతకం. ఎర్రనూనె ఒక్క గుక్క బ్రేకు డబ్బాలో పడితే రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. ఏ డబ్బాలో ఏది అన్న సందేహానికి బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణం. అది సాధారణంగా ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డులో ఉంటుంది.

కాల నిర్ణయం. బ్రేకాయిలుకు రెండేళ్లు. స్టీరింగాయిలుకు పుస్తకం చెప్పినంత, రంగు మారితే ఇంకా ముందే. అయితే రెండేళ్లు గుర్తుండేది ఎవరికి? బంపరుకు కట్టిన నిమ్మకాయా మిరపకాయలు వాడిపోతే కొత్తవి కడతాం. ఆయుధపూజకు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, గుమ్మడికాయ పగలగొడతాం. వాడిపోయేది కంటికి కనబడుతుంది కాబట్టి మారుస్తాం. ఆయిలు లోపల వాడిపోతుంది. కాబట్టి సిద్ధాంతం: రెండు ఆయుధపూజలకు ఒకసారి, పూజకు ముందురోజు తైలాభిషేకం.

నేను దీన్ని ఆచరించాను కూడా. మెకానిక్ పని ముగించి, మరిచిపోకుండా డబ్బా మూత మీద మార్కరుతో తేదీ రాశాడు. మర్నాడు పూజలో మా వాళ్లు బానెట్ ఎత్తి, ఇంజనుకు, బ్యాటరీకి, ఆ మూతకు కూడా భక్తిగా పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టారు. తేదీ బొట్టు కింద ఉంది.