కాల్స్ తగ్గించే రెజ్యూమె రాయండి

ఈ సలహాలకు మీ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు ఒప్పుకోడు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సుతోపాటు రెజ్యూమె కూడా తయారుచేసి ఇచ్చేవాళ్లు అసలే ఒప్పుకోరు. ఎక్కువ ఇంటర్వ్యూ కాల్స్ రావాలన్నదే వాళ్లందరి పాట. నేను తక్కువ రావాలంటాను. మీకు సరిపడని ఉద్యోగాలు మీ కాగితం చూడగానే తమంతట తామే తప్పుకోవాలి. రెజ్యూమెకు అంతకు మించిన పని లేదు.

ముందు స్కిల్స్ సంగతి, చెడేదంతా అక్కడే కాబట్టి. బీటెక్ ఫైనలియర్ పిల్లల రెజ్యూమె తీస్తే సీ, జావా, పైథాన్, ఒరాకిల్, క్లౌడ్, మెషీన్ లెర్నింగ్, చివర ఎంఎస్ ఆఫీస్ వరసగా కనిపిస్తాయి. కంపెనీ వెతికే పదాల్లో ఏదో ఒకటి తగలకపోతుందా అని ఆశ. తగులుతుంది. తగిలాక ఆ పదం మీదే ప్రశ్న వస్తుంది. పైథాన్‌లో లిస్టుకీ టపుల్‌కీ తేడా ఏమిటని అడిగితే బట్టీపట్టిన జవాబు చెప్పేస్తారు. మీ ప్రాజెక్టులో ఏది వాడారు, ఎందుకు వాడారు అనగానే నోరు పెగలదు. ఏ పదం మీద అరగంట అడిగినా ఉత్సాహంగా మాట్లాడగలరో దాన్నే ఉంచండి, మిగతావన్నీ కొట్టేయండి. రెండే మిగిలితే రెండే చాలు. పేజీ సగం ఖాళీగా ఉన్నా నష్టం లేదు.

ఆ ఖాళీలో సొంతంగా చేసిన పని రాయండి. డబ్బిచ్చి కొనుక్కున్న మేజర్ ప్రాజెక్టు వద్దు, దాని పేరు ఎంత గొప్పగా ఉన్నా సరే. మీ నాన్నగారి కిరాణా కొట్టు అరువు ఖాతాలను ఎక్సెల్‌లోకి ఎక్కించారా? అది రాయండి. ఎన్ని ఖాతాలు, ఎక్కడ లెక్క తప్పింది, ఎలా పట్టుకున్నారు, అన్నీ రాయండి. అది చూసి నవ్వే కంపెనీ ఉంటే, ఆ నవ్వేదో మీరు చేరకముందే నవ్వడం మీకే మంచిది.

సప్లీలు, గ్యాప్‌లు కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో దాచకండి. పైనే పెట్టండి. ఎం3 లెక్కల పేపరు రెండోసారికి పాసయ్యాను, ఏడాదిపాటు గ్రూప్-2కి చదివాను, ఉద్యోగం రాలేదు అని సూటిగా రాయండి. పదో తరగతి నుంచీ 60 శాతం తగ్గకూడదనే కంపెనీ ఎలాగూ తీసుకోదు. దాచితే సర్టిఫికెట్లు చూసే రోజు బయటపడుతుంది, ఆ రోజు మార్కులతోపాటు మాట కూడా పోతుంది.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ మాట ఎత్తినవాళ్ల దగ్గర నిమిషం కూడా కూర్చోకండి. 2014 నుంచి పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఒకే యూఏఎన్ నంబరు ఉంది. ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో కనిపిస్తుంది. ఎంత పెద్ద కుర్చీలో ఉన్నా అబద్ధం బయటపడక తప్పదు. చదవని కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తన వివరాల్లో ఉందని బయటపడ్డాక 2012లో యాహూ సీఈఓ స్కాట్ థాంప్సన్ పదవి వదులుకున్నాడు. చేరి అప్పటికి నాలుగు నెలలే.

కంపెనీకి ఏం కావాలో అదే ముందు రాయమని చెప్పేవాళ్లు లియొనార్డో డావిన్చీని ఉదాహరణ చూపిస్తారు. 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకి పని అడుగుతూ రాసిన ఉత్తరంలో ఆయన వంతెనలు, ఫిరంగులు, యుద్ధ యంత్రాల గురించి చెప్పి చెప్పి, చిత్రలేఖనాన్ని చివర్లో పెట్టాడు. కానీ ఈనాటికీ జనం మిలాన్ వెళ్లి చూసేది ఆ లుడోవికో కోసమే ఆయన గోడ మీద వేసిన చివరి విందు చిత్రాన్ని. మీరు చివర్లో మొహమాటంగా రాసుకునే వాక్యం ఏదో చూసుకోండి. దాన్ని మొదటి వరుసలోకి తెండి.

తండ్రి పేరు, మతం, పెళ్లయిందో లేదో, ఆధార్ నంబరు, కింద డిక్లరేషన్, అన్నీ తీసేయండి. కెరీర్ ఆబ్జెక్టివ్ కూడా. దాని బదులు మీరు చేయని పని ఒకటి రాయండి. రాత్రి షిఫ్టు కుదరదంటే కుదరదనే రాయండి.

ఇంటి అద్దె నెత్తిమీద ఉన్నవాళ్లకు ఇది కష్టమైన మాటేనని తెలుసు. వాళ్లు ఈ నెలకు దొరికిన పనిలో చేరండి, అందులో తప్పేమీ లేదు. దానికోసం రాని విద్య వచ్చని మాత్రం రాయకండి.

రేపు అప్లై చేసే ముందు ఒక్క పని చేయండి. మీ రెజ్యూమెను ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించి, వాళ్లు అడిగితే వివరించలేని ప్రతి పదాన్నీ తీసేయండి. కాల్స్ తగ్గినా కంగారుపడకండి.